ఒడి కుర్చీ

శనివారం మధ్యాహ్నం హిమబిందు బొమ్మను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తొమ్మిది కిలోల రబ్బరు బొమ్మ, ఏడాది నిండబోయే పిల్ల ఎంత బరువుంటుందో అంత. దానికి కళ్ళూ ముక్కూ లేవు. మొదట్లో ఉండేవి గానీ, మొహం చూస్తూ ఈ పని చేయడం ఎవరి వల్లా కాకపోవడంతో చెరిపించేశారు.

"కానిద్దామా అమ్మా?" అద్దం అవతల నుంచి డాక్టర్ భానుమూర్తి గొంతు వినిపించింది. ప్రయోగశాలకు పెద్ద ఆయనే.

"కానివ్వండి సార్."

గది కదలలేదు, కుర్చీ కదలలేదు. ఆమె చేతులకున్న తొడుగుల్లోంచి, మెడ వెనక అంటించిన బిళ్ళలోంచి చిన్న విద్యుత్ సంకేతం నరాల్లోకి పోయింది. అంతే, ఆమె శరీరం మాత్రం నిండు వేగంతో పోతున్న కారులో కూర్చుని ఎదురుగా వచ్చిన లారీని గుద్దుకుంది. ఒళ్ళో బొమ్మ మూడు బియ్యం బస్తాల బరువై ముందుకు లాగింది. ప్రాణం పెట్టి పట్టుకుంది, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే చేతులు విడిపోయాయి. కళ్ళు తెరిచేసరికి బొమ్మ ఒళ్ళోనే, పెట్టిన చోటే ఉంది. చేతులు మాత్రం రెండు పక్కలా వేలాడుతున్నాయి.

కాగితాల మీద ఆ యంత్రానికి బారెడు పేరుంది. ప్రయోగశాలలో అందరూ ఒడి కుర్చీ అంటారు. అది హిమబిందు ఆలోచనే. పిల్లల్ని కారులో ప్రత్యేకమైన సీటులో కూర్చోబెట్టి పట్టీలు బిగించాలని ఎన్నేళ్ళుగా ఎంతమంది చెప్పినా, జరిమానాలు వేసినా, తల్లులూ అమ్మమ్మలూ ఒక్క మాటతో కొట్టిపారేసేవారు: "నేను గట్టిగా పట్టుకుంటాను లెండి." ఆ ఒక్క మాటను ఓడించడానికే ఈ కుర్చీ పుట్టింది. ఇందులో ఒక్కసారి కూర్చున్న మనిషి మళ్ళీ ఆ మాట అనలేదు. పరీక్ష అయిన సాయంత్రమే సీటు కొనుక్కుని ఇంటికి వెళ్ళినవాళ్ళే అందరూ.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాతి సంగతే ఎవరూ ఊహించలేదు. బుర్ర మరిచిపోయినా చేతులు మరిచిపోవడం లేదు. పోయిన నెల అనకాపల్లి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మేడమ్, బాబును ఎత్తుకుంటే నా చేతులు వాటంతటవే వదిలేస్తున్నాయండి. మంచం మీద పడ్డాడు కాబట్టి సరిపోయింది" అని ఏడ్చింది. హిమబిందు ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆవిడ కూర్చున్నది ఒక్కసారే. సంకేతాన్ని సరిచూడడానికి హిమబిందు రెండేళ్ళుగా కూర్చుంటూనే ఉంది.

తొడుగులు విప్పుతుండగా భానుమూర్తి లోపలికి వచ్చాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"సోమవారం ఢిల్లీ అధికారులు వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే, కారు కొనే ప్రతి ఇంట్లోవాళ్ళూ కుర్చీలో కూర్చుంటేనే తాళాలిస్తారు. వాళ్ళ ముందు కూర్చోబెట్టడానికి మీ అత్తగారిని తీసుకొస్తానన్నావు కదా?"

"అన్నాను సార్." హిమబిందు కాస్త ఆగి, "ఆ అనకాపల్లి ఆవిడ సంగతి వాళ్ళకు చెబుతున్నామా?" అంది.

"కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది."

"నాకు సర్దుకోలేదు సార్."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాడు. "మా చెల్లెలి మనవడు పోయిన రోజున వెనక సీట్లోనే ఉన్నాడమ్మా. తల్లి ఒళ్ళోనే ఉన్నాడు. చేతులు బలహీనమైతే అయ్యాయి, పిల్లలు బతుకుతారు. అంతకన్నా నాకేం తోచదు" అన్నాడు.

హిమబిందు బ్యాగు భుజాన వేసుకుని మధురవాడలోని ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో అత్తగారు వరహాలమ్మ మనవరాలికి అన్నం పెడుతోంది. పిల్లకు పెట్టిన పేరు లాస్య. వరహాలమ్మకు ఆ పేరు నోరు తిరగదో, తిరగనివ్వదో, ఇలవేల్పు పైడితల్లమ్మ పేరు తలుచుకుని పైడమ్మ అనే పిలుస్తుంది. కొడుకుది ఓడ మీద ఉద్యోగం, ఇంటికి వచ్చేది ఆరేసి నెలలకోసారి. ఇద్దరాడవాళ్ళూ ఒక పసిపిల్లా, అంతే ఇల్లు.

తల్లిని చూడగానే లాస్య చేతులు చాచింది. హిమబిందు నేల మీద చతికిలబడి, గోడకు ఆనుకుని, "రా తల్లీ" అంది. పిల్ల పాకుతూ వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. హిమబిందు దాని వీపు నిమిరింది, తల ముద్దుపెట్టుకుంది, చంకనెత్తుకుని లేవలేదు. ఏడు నెలలుగా లేవడం లేదు. ఒకసారి లేచింది, మంచం దగ్గర. అదృష్టం బాగుండి పిల్ల మంచం మీదే పడింది.

"కన్నావు గాని ఎత్తుకోవు" అంది వరహాలమ్మ, గిన్నె తీసుకుని వంటింట్లోకి పోతూ. "ఉద్దోగం సేసినోలు పిల్లల్ని ఎత్తుకుంటే సీర నలిగిపోతాదేటో మరి."

చెబితే ఏమవుతుందో హిమబిందుకు తెలుసు. "మానీ ఆ ఉద్దోగం" అంటుంది, అక్కడితో కథ అయిపోతుంది. అదీగాక, తను కన్న యంత్రం తన చేతులే తినేసిందని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, సరిగ్గా అదే. దేశానికంతా పిల్లల భద్రత గురించి చెప్పే మనిషి ఇంట్లో, పిల్ల ఆటోలోనూ కారులోనూ నాయనమ్మ ఒళ్ళోనే తిరుగుతోంది.

రేపు మాత్రం కుదరదని హిమబిందు పట్టుబట్టింది. రేపు సింహాచలంలో లాస్యకు పుట్టువెంట్రుకలు తీయించాలి. కొండ దారి, సెలవురోజు రద్దీ. సాయంత్రం కిందికి దిగి కారు వెనక తలుపు తీసి, పిల్లసీటును వెనక్కి మొహం పెట్టించి బిగించసాగింది. మోకాలితో సీటును అణిచి, బెల్టును లాగి, రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. కదలలేదు.

వరహాలమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చి నిలబడింది. "మొకం ఎనక్కి తిప్పీసి కూకోబెడతావేటే? దేవుడి కాడికి ఎల్తూ ఎనక్కి సూసుకుంటూ ఎల్తాదా గుంట?"

"ఏదైనా గుద్దుకుంటే దెబ్బంతా సీటు వీపు ఓర్చుకుంటుంది అత్తమ్మా. మెడకు ఏమీ కాదు."

"సుబమా అని ఎల్తుంటే గుద్దుకోడమేటి, నోరు మూసుకో." వరహాలమ్మ ఇంకో చంకలోంచి బొంత తీసింది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేత చీర, మడతలు పెట్టి మూలల్లో నాలుగు టాకాలు వేసి ఉంది. "ఇది ఎయ్యి దాంట్లో. ఉత్త పిలాస్టిక్కు మీద పసిగుడ్డని కూకోబెడతారేటి? మా అత్త సీర ఇది. మీ ఆయన దీని మీదే పెరిగినాడు."

"వద్దత్తమ్మా. కింద బొంత ఉంటే పట్టీలు బిగిసినట్టే ఉంటాయి గానీ..."

"నాను ఐదుగుర్ని పెంచినాను. ఎడ్లబండి మీద, బస్సు మీద, లారీ ఎనకాల. ఒక్కుల్నీ జారిడిసిపెట్నేదు." వరహాలమ్మ బొంతను ముందుకు చాపింది. "కట్టీమన్నావు, సరే అన్నాను. ఈ గుడ్డ ముక్కకి కూడా నాను పనికిరానా?"

ఆ మాటకు జవాబు ఉంది. రోజూ ఎవరో ఒకరికి చెప్పే జవాబే. కానీ హిమబిందుకు ఆ పూట వాదించే ఓపిక లేదు. బొంత తీసుకుని సీటులో పరిచింది. తప్పని తెలిసే పరిచింది.

"సోమవారం మా ఆఫీసుకు రావాలి అత్తమ్మా" అంది, మొహం ఇటు తిప్పకుండానే. "ఒక కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు."

"కుర్సీలో కూకోడానికి నానెందుకే?" అంటూనే వరహాలమ్మ మొహం విప్పారింది. "పెద్దోలు వస్తారా? పసుపంచు సీర కట్టుకోనా?"

"కట్టుకోండి" అంది హిమబిందు. అత్తగారి మొహంలోకి చూడలేక బెల్టు మరోసారి లాగింది.

ఎందుకంటే లాస్యను ఎత్తుకుని తిరిగే చేతులు ఆ ఇంట్లో ఒక్క వరహాలమ్మవే. సోమవారం ఆ కుర్చీలో కూర్చుంటే సీటు గొడవ శాశ్వతంగా తీరిపోతుంది. ఆ చేతులూ తీరిపోతాయి. అవి లేకపోతే పిల్లకు ఇక మిగిలేది నేలే. ఇది తెలిసే హిమబిందు సరేనంది. నెలల తరబడి వాదించి అలిసిపోయిన మనిషి ఎంత పనికైనా సరే అంటుందని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఆదివారం ఉదయం బయల్దేరారు. స్టీరింగు పట్టుకున్నప్పుడు హిమబిందు చేతులకు ఏ జబ్బూ ఉండదు. పిల్ల బరువు తగిలితేనే వాటికి ఆ రోగం. వెనక లాస్య బొంత మీద, పట్టీల్లో కూర్చుని నాయనమ్మ కొంగు లాగుతోంది. అడివివరం దాటబోతుండగా పూలదండలు వేసుకున్న ఒక ఆటో చెయ్యైనా చూపకుండా అడ్డంగా తిరిగింది. హిమబిందు బ్రేకు తొక్కేసింది. కారు కీచుమని ఆగింది. ఆటోవాడు చేతులెత్తి దణ్ణం పెట్టి తన దారిన పోయాడు.

వెనక పిల్ల గుక్కపట్టింది. హిమబిందు కారును పక్కకు తీసి, దిగి పరిగెత్తి తలుపు తీసింది. దెబ్బేమీ లేదు. కానీ లాస్య సీటు వీపు వెంబడి పైకి జారిపోయి ఉంది. ఒక భుజం పట్టీలోంచి పూర్తిగా బయటికి వచ్చేసింది. ఉత్త బ్రేకుకే ఇలా ఉంటే లారీ అయితే ఏమయ్యేదో ఆ రోడ్డు మీద ఆమె ఒక్కదానికే తెలుసు.

ఈలోగా వరహాలమ్మ పిల్లను సీటులోంచి లాగేసి గుండెకు హత్తుకుంది. "ఒలమ్మో, నా తల్లే! సూసావా? కట్టీసినా జారిపోనాది! నా ఒళ్ళో ఉంటే ఇలగ అవునా? ఇంక సాల్లే నీ సీటు. నాను పట్టుకుంటాను, పద."

"వద్దు అత్తమ్మా. సీటులో పెట్టందే బండి కదలదు."

"కదలదేటి? అయితే నువ్వే ఎత్తుకో! కన్నతల్లివి కదా, పట్టు!"

వరహాలమ్మ పిల్లను ఆమె చేతుల్లో పెట్టేసింది. లాస్య ఏడుపు ఆపి తల్లి జాకెట్టు పట్టుకుంది. హిమబిందు పళ్ళు బిగపట్టింది. ఈసారైనా, ఒక్కసారైనా అనుకుంది. పిల్ల ఆనందంతో ఒక్క కుదుపు కుదిపింది. ఆ కుదుపుకు చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి.

పిల్ల పడలేదు. వరహాలమ్మ చేతులు ఇంకా కిందే ఉన్నాయి. పసిపిల్లను ఇచ్చేటప్పుడు అవతలి చేతులు బిగిసేదాకా తన చేతులు తీయకూడదన్నది ఆమె జన్మలో తప్పని అలవాటు. ఎంత కోపంలో ఉన్నా తప్పలేదు. పిల్లను మళ్ళీ భుజానికెత్తుకుని, కోడలి చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏటే అది?" అంది నెమ్మదిగా.

హిమబిందు రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుని చెప్పేసింది. కుర్చీ గురించి, బొమ్మ గురించి, మంచం దగ్గర ఆ రోజు గురించి. లారీలు పోతున్నాయి. ఏడవకుండానే చెప్పింది. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

"అందుకా ఎత్తుకోవు?"

"అందుకే అత్తమ్మా."

"మరి నాను ఏటేటో అనీసినాను కదే." వరహాలమ్మ మొహం చిన్నబోయింది. కాసేపటికి, "రేపు నన్ను కూకోబెడతానన్న కుర్సీ అదేనా?" అంది.

హిమబిందు తల ఎత్తలేకపోయింది. "అదే."

వరహాలమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. భుజం మీద పిల్లను ఒకసారి సర్దుకుని, "నా సేతులు కూడా ఊడిపోతే దీన్ని ఎవులెత్తుకుంటారే?" అని మాత్రం అడిగింది.

"తెలీదు అత్తమ్మా. మీతో వాదించలేక సరే అనేశాను. నాదే తప్పు."

పిల్ల నాయనమ్మ చెవి కమ్మను పట్టుకుని ఆడుకుంటోంది.

"ఒక్కటి సెప్పు. నీ సేతులు నేర్సుకున్నది నిజమా, అబద్దమా?"

"నిజమే. ఆ వేగంలో ఎవరి చేతులూ ఆగవు. మీవీ ఆగవు."

"మరి నీ సీటు కూడా ఆగనేదు కదా?"

హిమబిందు లేచి వెళ్ళి ఖాళీ సీటులో బొంత మీద పట్టీలు బిగించింది. తర్వాత పిడికిలితో బొంతను గట్టిగా అణిచింది. మెత్తటి చీర చప్పగా దిగిపోయింది. బిగుతుగా ఉన్న పట్టీకీ దానికీ మధ్య ఆమె పిడికిలి మొత్తం దూరింది. "బ్రేకు వేసినప్పుడు పిల్ల బరువుకు ఇలా అణిగింది. ఆ సందులోంచే భుజం వచ్చేసింది."

వరహాలమ్మ వంగి ఆ సందును చూసింది. తన పిడికిలి కూడా పెట్టి చూసుకుంది. బొంతను లాగేసి భుజాన వేసుకుని, పిల్లను ఉత్త సీటులో కూర్చోబెట్టింది. "ఎంత లాగాల?"

"భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత పడిందంటే వదులు."

వరహాలమ్మ లాగింది, గిల్లింది. మళ్ళీ లాగింది. "ఇంకా పడతన్నాది" అని ఇంకోసారి లాగింది. లాస్య చిరాకుగా కాళ్ళాడించింది. "ఊరుకోయే, మీ అమ్మకి తెల్సు" అని గదమాయించింది ముసలావిడ.

కొండ మీద కేశఖండన శాలలో కత్తి పట్టుకున్న పెద్దాయన నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని, "మేనమామ ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఎవులూ నేరు బాబూ. మా కోడలు ఒక్కర్తే కూతురు" అంది వరహాలమ్మ.

"అయితే తల్లి ఒళ్ళో కూకోబెట్టండి. గట్టిగా పట్టుకోండమ్మా, కదిలితే కత్తి తగుల్తాది."

హిమబిందు వారం నుంచి భయపడుతున్నది ఈ మాటకే. అత్తగారి వైపు చూసింది. వరహాలమ్మ మెల్లిగా తల అడ్డంగా ఊపింది. "నాను కూకోకూడదే. బొట్టు నేనిదాన్ని. పిల్లకి మంచిది కాదు" అంది. వితంతువు కూర్చోకూడదన్న ఆ నమ్మకంతో వాదించే చోటు అది కాదు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు.

వరహాలమ్మ భుజం మీద బొంత తీసి, మూలనున్న టాకాను పంటితో కొరికి తెంచింది. తర్వాత రెండోది. నాలుగూ తెగాక మడతలు విప్పి చీర దులిపింది. కూర్చున్న కోడలి ఒళ్ళో పిల్లను పెట్టి, చీరను పిల్ల నడుం మీదుగా, తల్లి వీపు వెనకగా తిప్పి తెచ్చింది. ఇంకోసారి చంకల కిందుగా తిప్పి లాగి ముడేసింది. రెండు వేళ్ళతో గిల్లి చూసింది.

"కింద పరిస్తే జారిపోనాది. మీద కడితే ఆగుతాది కామోసు. నీ సేతులతో పనేటి? ఒగ్గీ."

హిమబిందు చేతులు వదిలేసింది. వదిలేసినా పిల్ల జారలేదు. ఏడు నెలల తర్వాత మొదటిసారి కూతురి బరువంతా, వెచ్చదనమంతా తన పొట్టకూ రొమ్ముకూ ఆనుకుని, భయం లేకుండా ఉంది. వరహాలమ్మ తల పట్టుకుంటే కత్తి సుతారంగా కదిలింది. నల్లటి మెత్తటి వెంట్రుకలు హిమబిందు మోకాళ్ళ మీద రాలాయి. లాస్య ఏడ్చింది. దానికన్నా ఎక్కువగా తల్లి ఏడ్చింది. కత్తిపట్టిన పెద్దాయన, "తల్లికి ఏడుపెందుకమ్మా, జుట్టు మళ్ళీ వస్తాది" అన్నాడు.

ముడి విప్పకుండానే లేచి నిలబడింది. గుండుకు గంధం రాసిన పిల్లను మోసుకుంటూ, చేతులు రెండు పక్కలా వదిలేసి, గుడి మెట్లన్నీ ఎక్కింది. జనం వింతగా చూశారు. వరహాలమ్మ వెనకే వస్తూ, "ఏటలగ సూస్తారు? ఎప్పుడూ పిల్లతల్లిని సూడనేదా?" అని కసిరింది.

తిరుగు ప్రయాణంలో భానుమూర్తి ఫోన్ చేశాడు. హిమబిందు కారు పక్కకు ఆపి తీసింది.

"రేపు పదింటికల్లా మీ అత్తగారిని..."

"రారు సార్. ఆ చేతులు మాకు ఇంట్లో కావాలి."

"మరి వాళ్ళ ముందు కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టమంటావు?"

"ఎవరినీ వద్దు. బొమ్మను నా చేతుల్లో పెట్టి చూడమనండి. ఒడిలో పిల్ల ఎందుకు ఆగదో కనబడుతుంది, కుర్చీ ఏం చేస్తుందో కూడా కనబడుతుంది. రెండూ చూశాక ఏం చేస్తారో చేయనివ్వండి."

"అందరి ముందా అమ్మా?"

"అందరి ముందే సార్. మా అత్తమ్మకు ఈ ఉదయం అదే చూపించాను. కుర్చీ అక్కర్లేకపోయింది."

"ఆలోచిస్తాను" అన్నాడాయన. గొంతు అలిసిపోయి ఉంది. ఒప్పుకుంటాడో లేదో ఆమెకు తెలియలేదు. ఒప్పుకోకపోయినా రేపు తను చేతులు చాపి నిలబడుతుంది, అంతమటుకు తెలుసు. ఫోన్ పక్కన పెట్టి అద్దంలోంచి వెనక్కి చూసింది. వెనక్కి తిరిగిన సీటులోంచి చందనం పూసిన గుండు అంచు మాత్రం కనిపిస్తోంది, నిద్రలో ఒక పక్కకు వాలి. వరహాలమ్మ దాని పాదం మీద చెయ్యేసి కూర్చుంది. చీర ఒళ్ళో మడతపెట్టి ఉంది.

"పట్టీ ఓసారి చూడండి అత్తమ్మా."

వరహాలమ్మ రెండు వేళ్ళు పెట్టి గిల్లింది. ఇంకో భుజం మీద కూడా గిల్లింది.

"మడత పడనేదు" అంది. "పద. నిమ్మదిగా పోనీ."